ఎర్ర పంపు, పచ్చ పంపు

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. పాఠ్యపుస్తకంలో చేతిపంపుకు చోటు ఉండదు. అయినా ఈ ఏడాది మన పత్రికకు నేను ఒక చేతిపంపు చరిత్రే రాస్తున్నాను. మన పల్లెల్లో దాన్ని బోరింగు అంటాం. బంగ్లాదేశ్‌లో నల్‌కూప్ అంటారు. ప్రాణాలు కాపాడడానికి వేసిన ఆ పంపుల్లోంచే కోట్ల మంది ఏళ్ల తరబడి విషం తాగారు. ఆ విషం పేరు ఆర్సెనిక్. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు, రుచి మారలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానం రాలేదు కాబట్టి పరీక్ష చేయలేదు. పరీక్ష చేయలేదు కాబట్టి విషం లేదనే అనుకున్నారు. ఈ మూడు మాటల మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి.

ఈ విషయం ఎందుకు ఎంచుకున్నావని నన్ను అడగొచ్చు. మనది కృష్ణగిరి జిల్లా. ఇక్కడ భూమిలోపలి నీళ్లంటే ఏమిటో మన పెద్దవాళ్ల పళ్లను చూస్తే తెలుస్తుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు బెంగాల్‌కు వెళ్దాం.

పాషాణం అనే పాత పరిచయం

ఆర్సెనిక్ మనకు కొత్తదేమీ కాదు. తెలుగులో పాషాణం అనే మాట అందరికీ తెలుసు. తాళకం, మణిశిల అని వైద్యులు, చిత్రకారులు వాడిన పసుపు, ఎరుపు ఖనిజాలు కూడా ఆర్సెనిక్, గంధకం కలిసినవే. రసాయన శాస్త్రం ప్రకారం ఇది పూర్తి లోహం కాదు, ఉపలోహం. కానీ సీసం, పాదరసం, కాడ్మియంతో పాటు విష లోహాల జాబితాలో దీన్నీ కలిపే చెబుతారు.

పాత రోజుల్లో ఒకరిని చంపాలనుకున్నవాళ్లకు పాషాణం చాలా అనుకూలం. అన్నంలో కలిపినా కాఫీలో కలిపినా తెలియదు. చనిపోయాక చూస్తే వాంతులు, విరేచనాలు. కలరా అనుకుని ఊరుకునేవాళ్లు. 1833లో ఇంగ్లాండులో ఒక కేసు జరిగింది. జాన్ బోడిల్ అనే యువకుడు తన తాతకు కాఫీలో పాషాణం కలిపి ఇచ్చాడని ఆరోపణ. జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్ష చేసి, పసుపు రంగు పదార్థాన్ని వేరు చేసి పెట్టాడు. కానీ జూరీ ముందుకు వచ్చేసరికి ఆ రంగు చెడిపోయింది. కళ్లకు కనిపించని సాక్ష్యాన్ని జూరీ నమ్మలేదు. యువకుడు విడుదలయ్యాడు.

మార్ష్‌కు అది తలకొట్టేసినట్టు అయింది. పట్టుబట్టి 1836లో కొత్త పద్ధతి కనిపెట్టాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకుతో, ఆమ్లంతో కలిపితే అందులోని ఆర్సెనిక్ ఆర్సీన్ అనే వాయువుగా బయటికి వస్తుంది. ఆ వాయువును వేడిచేస్తే గాజు మీద నల్లగా, అద్దంలా మెరిసే పొర ఏర్పడుతుంది. అది చెడిపోదు, దాచి చూపించవచ్చు. నేడు పల్లెల్లో నీళ్లను పరీక్షించే చిన్న పెట్టెలు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. గాజుకు బదులు మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన కాగితం పెడతారు. వాయువు తగిలితే కాగితం మీద పసుపు నుంచి గోధుమ రంగు వరకు మరక పడుతుంది. మరక ఎంత ముదురుగా ఉంటే విషం అంత ఎక్కువ.

విషం ఆహారం ద్వారా ఎలా వస్తుందో 1900లో మాంచెస్టర్ ప్రాంతం చూసింది. అక్కడ బీరు తాగినవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, నొప్పులు వచ్చాయి, చర్మం నల్లబడింది. తాగుడు ఎక్కువై వచ్చిన జబ్బు అని చాలామంది వైద్యులు తోసేశారు. ఎర్నెస్ట్ రెనాల్డ్స్ అనే వైద్యుడు మాత్రం బీరునే పరీక్ష చేసి ఆర్సెనిక్ ఉందని తేల్చాడు. బీరులోకి అది చక్కెర నుంచి వచ్చింది. చక్కెరలోకి దాన్ని తయారుచేయడానికి వాడిన గంధకామ్లం నుంచి వచ్చింది. గంధకామ్లంలోకి ఒక ఖనిజం నుంచి వచ్చింది. 6 వేల మందికి పైగా జబ్బుపడ్డారు, సుమారు 70 మంది చనిపోయారు. లార్డ్ కెల్విన్ అధ్యక్షతన రాజ విచారణ సంఘం వేశారు. ఆహారంలో, పానీయాల్లో ఆర్సెనిక్ ఇంతకు మించకూడదు అనే హద్దు గీసే ఆలోచన అక్కడ గట్టిపడింది. రోగిని తిట్టడం మాని గ్లాసులో ఏముందో చూసిన ఒక వైద్యుడి వల్ల అది సాధ్యమైంది. ఈ మాట గుర్తుంచుకోండి, బెంగాల్‌లో కూడా ఇలాంటి వైద్యుడే కనిపిస్తాడు.

చెరువు నుంచి గొట్టపు బావికి

బంగ్లాదేశ్ నదుల దేశం. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు మీదే ఆ నేల తయారైంది. నీళ్లకు కరువు లేదు, మంచినీళ్లకే కరువు. చెరువులో స్నానం, చెరువులో పశువులు, చెరువు నీళ్లే తాగడం. ఏటా కలరా, విరేచనాలు. చనిపోయేవాళ్లలో ఎక్కువ మంది చిన్నపిల్లలు.

1971లో దేశం స్వతంత్రమయ్యాక 1970లలో, 80లలో ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి ఊరూరా గొట్టపు బావులు వేయించాయి. నేల మెత్తని ఒండ్రు కాబట్టి అక్కడి పనివాళ్లు పెద్ద యంత్రం లేకుండానే గొట్టం దించేవాళ్లు. ఖర్చు తక్కువ. కొద్ది కాలానికి ప్రభుత్వం వేసినవాటికన్నా జనం సొంత డబ్బుతో వేసుకున్నవే ఎక్కువయ్యాయి. ఇంటి ముందు పంపు ఉండడం గౌరవం. ఆడవాళ్లకు బిందెతో దూరం నడిచే బాధ తప్పింది. పిల్లల చావులు తగ్గడానికి ఉన్న కారణాల్లో ఆ పంపు కూడా ఒకటి. దీన్ని మనం మరిచిపోకూడదు. ఈ కథలో దుర్మార్గుడు ఎవరూ లేడు. మంచి చేద్దామనే చేశారు.

1997 నాటికి జనాభాలో 80 శాతం మందికి సురక్షితమైన నీళ్లు అందించాలన్న లక్ష్యాన్ని దాటామని యూనిసెఫ్ నివేదిక చెప్పింది. సురక్షితం అంటే అప్పటి అర్థం ఒకటే: క్రిములు లేని నీళ్లు.

చర్మం చెప్పిన మాట

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు పల్లెల నుంచి కొందరు రోగులు వచ్చారు. ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడ్డట్టు నల్ల మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టిపడిన కాయలు. చర్మ వైద్యుడు క్షితీష్ చంద్ర సాహా ఆ మచ్చలను చూసి ఇది కుష్ఠు కాదు, మామూలు చర్మరోగం కాదు, ఆర్సెనిక్ అని గుర్తుపట్టారు. వాళ్లు తాగే నీళ్లు ఎక్కడివని ఆరా తీశారు. అన్నీ గొట్టపు బావులే.

మొదట వచ్చినవాళ్లు పశ్చిమ బెంగాల్ వాళ్లు. 1987 కల్లా సరిహద్దు అవతల బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రోగుల్లో కూడా అవే మచ్చలు కనిపించాయి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపంకర్ చక్రబర్తి అనే రసాయన శాస్త్రవేత్త 1988 నుంచి ఈ పని మీదే కూర్చున్నారు. ఆయన బృందం ఊరూరా తిరిగి నీళ్లు, వెంట్రుకలు, గోళ్లు, మూత్రం సేకరించి పరీక్షించింది. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి వెంట్రుకలది. శరీరంలోకి వెళ్లిన ఆర్సెనిక్ వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే కెరాటిన్‌కు అంటుకుంటుంది. మూత్రం గడిచిన కొన్ని రోజుల కథ చెబుతుంది. వెంట్రుక, గోరు గడిచిన కొన్ని నెలల కథ చెబుతాయి. మనిషి వెంట్రుక కూడా ఒక చిన్న చరిత్ర పుస్తకమే అన్నమాట.

1993లో బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ చాపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో గొట్టపు బావుల నీళ్లలో ఆర్సెనిక్ ఉందని నిర్ధారించింది. 1995లో కలకత్తాలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. అప్పటికి గాని ప్రపంచం తల తిప్పి చూడలేదు.

ఈలోగా పల్లెల్లో జరిగింది వేరే. మచ్చలున్నవాళ్లను అంటురోగం అని దూరం పెట్టారు. ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి. కొందరు భార్యలను పుట్టింటికి పంపించేశారు. ఆర్సెనిక్ అంటుకునే జబ్బు కాదు. కానీ భయం మాత్రం అంటుకుంటుంది. మాంచెస్టర్‌లో తాగుబోతులని తిట్టారు, ఇక్కడ శాపం తగిలిందన్నారు. రెండు చోట్లా రోగిదే తప్పన్నారు.

అడగని ప్రశ్న

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1992లో జరిగిన ఒక పరీక్ష. బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లు బంగ్లాదేశ్ మధ్య, ఈశాన్య ప్రాంతాల్లో 150 గొట్టపు బావుల నీళ్లను పరీక్షించారు. చాలా మూలకాలకు పరీక్ష చేశారు. ఆర్సెనిక్‌కు చేయలేదు. నివేదికలో ఆ పేరు లేదు. చదివినవాళ్లకు ప్రమాదమేమీ లేదనిపించింది.

తర్వాత ఆ ప్రాంతంలో ఆర్సెనిక్ వల్ల జబ్బుపడిన ఒక గ్రామస్థుడు ఇంగ్లాండు కోర్టులో దావా వేశాడు. మీరు పరీక్షించి ఉంటే మాకు ముందే తెలిసేది కదా అన్నది అతని వాదన. కేసు ఇంగ్లాండు అత్యున్నత న్యాయస్థానంగా ఉండిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 2006లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. ఆ సంస్థ తాను పరీక్షించినవాటి గురించే రాసింది, పరీక్షించని దాని గురించి ఆ ఊరివాళ్లకు బాధ్యత వహించనక్కర్లేదు అని న్యాయమూర్తులు తేల్చారు.

చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. నేను చట్టం చదువుకోలేదు. కానీ చరిత్ర విద్యార్థిగా నాకు ఒక ప్రశ్న మిగిలింది. నీళ్లలో ఆర్సెనిక్ ఉండొచ్చని అప్పటికి ఎవరికీ తెలియదా? తెలుసు. తైవాన్ నైరుతి తీరంలో లోతైన బావుల నీళ్లు తాగినవాళ్లకు కాళ్లు నల్లబడి కుళ్లిపోయే జబ్బు వచ్చింది. అక్కడ 37 గ్రామాల్లో 40,421 మందిని పరీక్షించి, నీళ్లలో ఆర్సెనిక్ పెరిగేకొద్దీ చర్మ క్యాన్సర్ పెరుగుతోందని 1968లోనే ప్రచురించారు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో ఆంటోఫగాస్టా నగరం కూడా 1958 నుంచి 1970 వరకు ఇలాంటి నీళ్లు తాగి దెబ్బతింది. సరిహద్దు దాటితే కలకత్తాలో సాహా రోగులను చూస్తూనే ఉన్నారు. ఆ సమాచారం ఒక చోట, పంపులు వేసేవాళ్లు ఇంకో చోట. రెండూ కలవడానికి పదేళ్లు పట్టింది.

"దోషం లేదు" అనడం వేరు. "మేము చూసినవాటిలో దోషం లేదు" అనడం వేరు. ఈ రెండింటి మధ్య తేడాను నేను ఈ కథలోనే నేర్చుకున్నాను.

నేల కింద ఏం జరిగింది

విషం ఎవరూ కలపలేదు. ఏ ఫ్యాక్టరీ నుంచీ రాలేదు. హిమాలయాల రాళ్లు అరిగి, వేల ఏళ్లుగా నదుల్లో కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల మీద ఇనుప తుప్పు పొర ఉంటుంది. ఆర్సెనిక్ ఆ తుప్పుకు అంటుకుని ఉంటుంది. ఆ ఒండ్రుతో పాటు ఆకులు, అలములు కూడా పూడిపోయాయి. నేల కింద సూక్ష్మజీవులు వాటిని తింటూ అక్కడున్న ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. ఆక్సిజన్ అయిపోయాక ఇనుప తుప్పు కరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ నీళ్లలోకి వదిలేయబడుతుంది.

అందుకే ఆశ్చర్యకరమైన ఫలితాలు వచ్చాయి. పైన గాలి తగిలే పాత దిగుడు బావుల్లో ఆర్సెనిక్ తక్కువ. చాలా లోతులో ఉన్న పాత ఇసుక పొరల్లో కూడా తక్కువ. మధ్యలో, చౌకగా గొట్టం దించగలిగే లోతులోనే ఎక్కువ. పేదవాడి చేతికి అందే నీళ్లలోనే విషం ఎక్కువన్నమాట. ఇంకో విషయం, రెండు పక్కపక్క ఇళ్ల పంపుల్లో కూడా తేడా ఉండొచ్చు. ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డది. ఊరికి ఒక పంపు పరీక్షించి ఊరంతటికీ తీర్పు చెప్పడం కుదరదు. ప్రతి పంపునూ చూడాల్సిందే.

రెండు రంగులు

బంగ్లాదేశ్ ప్రభుత్వ శాఖ, బ్రిటిష్ జియలాజికల్ సర్వే కలిసి ఈసారి ఆర్సెనిక్ కోసమే వెతికాయి. దేశంలోని 64 జిల్లాల్లో 61 జిల్లాల నుంచి 3,534 బావుల నీళ్లు తెచ్చి పరీక్షించి, 2001లో నివేదిక ఇచ్చాయి. 150 మీటర్ల కంటే తక్కువ లోతున్న బావుల్లో 27 శాతంలో ఆర్సెనిక్ లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటింది. 46 శాతంలో 10 మైక్రోగ్రాములు దాటింది. లోతైన బావుల్లో 50 దాటినవి 1 శాతమే. సుమారు 3.5 కోట్ల మంది 50 దాటిన నీళ్లు తాగుతున్నారని లెక్కగట్టారు. అంతకుముందు 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అలన్ స్మిత్, ఆయన సహచరులు దీన్ని చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించారు.

10 మైక్రోగ్రాములంటే ఎంత? గ్రాములో లక్షో వంతు. మన వీధికి వచ్చే 10,000 లీటర్ల ట్యాంకర్‌ను ఊహించుకోండి. అంత నీటిలో గ్రాములో పదో వంతు ఆర్సెనిక్ ఉంటే చాలు, హద్దుకు చేరినట్టే. చిటికెడు ఉప్పు కూడా అంతకంటే ఎక్కువ బరువుంటుంది. ఈ హద్దు కూడా ఒక్కసారిగా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1958లో 200 అంది. 1963లో 50 అంది. 1993లో 10 అంది. జబ్బు గురించి తెలిసేకొద్దీ హద్దు దిగుతూ వచ్చింది. నిన్న మంచినీళ్లు అన్నవి నేడు మంచినీళ్లు కాకుండా పోయాయి. మారింది నీళ్లు కాదు, మన తెలివిడి.

తర్వాత పెద్ద పని మొదలైంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో సుమారు 50 లక్షల పంపులను చిన్న పెట్టెలతో అక్కడికక్కడే పరీక్షించారు. 50 దాటితే పంపు మూతికి ఎర్ర రంగు. లోపలుంటే పచ్చ రంగు. సుమారు 14 లక్షల పంపులకు ఎర్ర రంగు పడింది.

చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఎర్ర పంపు నీళ్లతో బట్టలు ఉతుక్కోవచ్చు, గిన్నెలు కడుక్కోవచ్చు. తాగడానికి, వంటకు పనికిరావు. ఢాకా దగ్గర ఆరాయ్‌హజార్ అనే చోట కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2000 నుంచి వేల మందిని గమనిస్తున్నారు. పంపు చెడ్డదని చెప్పగానే సగానికి పైగా కుటుంబాలు వేరే పంపుకు మారిపోయాయి. పెద్ద ఫిల్టర్లు, పెద్ద బడ్జెట్లు రాకముందే ఒక మాట, ఒక రంగు అంత పని చేశాయి. కానీ మారడం అందరికీ సులభం కాదు. పచ్చ పంపు పక్కింటివాళ్లదైతే రోజూ వాళ్ల వాకిట్లోకి బిందె తీసుకుని వెళ్లాలి. నీళ్లతో పాటు మాట కూడా పడాలి. ఆ కష్టం ఎవరి నెత్తిన పడుతుందో మన ఇళ్లలో ఉన్న ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

అదే ఆరాయ్‌హజార్ నుంచి వచ్చిన రెండు పరిశోధనలు గుర్తుపెట్టుకోదగ్గవి. ఎక్కువ ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగిన పదేళ్ల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని 2004లో చూపించారు. అక్కడ జరిగిన మరణాల్లో సుమారు ఐదింట ఒకటి 10 మైక్రోగ్రాములు దాటిన నీళ్లకు సంబంధించినదని 2010లో లెక్క తేల్చారు. మచ్చలు పైకి కనిపించేవి. గుండె, ఊపిరితిత్తులు, మూత్రాశయం లోపల జరిగేది కనిపించదు.

పరిష్కారం వెతికినవాళ్లలో కుష్టియా నుంచి అమెరికా వెళ్లి రసాయన శాస్త్రం బోధించిన అబుల్ హుస్సామ్ ఒకరు. బకెట్లు, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన ఇనుప ముద్దతో సోనో ఫిల్టర్ చేశారు. కరెంటు అక్కర్లేదు. నేల కింద ఆర్సెనిక్‌ను పట్టుకుని ఉన్న ఇనుమే ఇక్కడ మళ్లీ దాన్ని పట్టుకుంటుంది. 2007లో ఆయనకు పది లక్షల డాలర్ల గ్రేంజర్ బహుమతి వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఫిల్టర్లు పంచడానికే ఇచ్చేశారు.

అన్నం మెతుకులో

పంపు మార్చుకుంటే కథ అయిపోతుందా? లేదు. ఎండాకాలపు వరి పంటకు కూడా గొట్టపు బావుల నీళ్లే పారించారు. వరి నీళ్లు నిలిచిన మడిలో పెరుగుతుంది. నీళ్లు నిలిస్తే మట్టిలో ఆక్సిజన్ తగ్గుతుంది, నేల కింద జరిగిందే మడిలోనూ జరుగుతుంది. వరి వేరు సిలికాను పీల్చుకునే దారిలోనే ఆర్సెనిక్‌ను కూడా పీల్చుకుంటుంది. గోధుమ కన్నా వరిలో ఆర్సెనిక్ ఎక్కువగా చేరడానికి కారణం ఇదే. అందుకే 2014లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తెల్ల బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. రోజుకు మూడు పూటలా అన్నం తినేవాళ్లకు ఈ లెక్క చాలా ముఖ్యం.

ఇక్కడ మన వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చే పాత పద్ధతిలో బియ్యంలోని ఆర్సెనిక్ చాలావరకు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కుక్కర్లో ఇగిరేటట్టు వండితే ఉన్నదంతా అందులోనే ఉంటుంది. అయితే రెండు షరతులు. ఎసరు నీళ్లు మంచివై ఉండాలి, లేకపోతే అన్నంలోకి విషం ఇంకా చేరుతుంది. వార్చిన గంజితో కొన్ని విటమిన్లు కూడా పోతాయి. ఏదీ ఊరికే రాదు.

మన దగ్గర

భారతదేశంలో ఆర్సెనిక్ సమస్య ముఖ్యంగా గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో ఉంది. పశ్చిమ బెంగాల్ తర్వాత 2002లో బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లాలో కూడా బయటపడింది. మన నేల వేరు, మన రాళ్లు వేరు. మన కథలో ఆర్సెనిక్ స్థానంలో ఫ్లోరైడ్ ఉంది. అది లోహం కాదు. కానీ రెండు కథలకూ పోలిక ఉంది. రెండూ నేల నుంచి వచ్చినవే, రెండూ తేట నీళ్లలో దాక్కున్నవే.

తెలుగువాళ్లకు ఈ పాఠం చాలా ముందే వచ్చింది. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వెన్ను బిగుసుకుపోయి వంగలేని మనుషులను చూసి, అది బావుల నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అని షార్ట్, ఆయన సహచర వైద్యులు గుర్తించారు. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరే పడింది. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు హొగేనకల్ నుంచి కావేరి నీళ్లు తేవడానికి కూడా కారణం ఈ ఫ్లోరైడే. ఆ పథకం 2013లో మొదలైంది.

మా అవ్వ పళ్లకు గోధుమ రంగు గారలున్నాయి. ఆమె చిన్నప్పుడు ఊళ్లో అందరి పళ్లూ అట్లే ఉండేవంట. "బాయి నీళ్లు తేటగా ఉండె, తియ్యగా ఉండె. ఇంక పరీక్ష ఏంది పాపా?" అంటుంది. ఆమె మాటను నేను తప్పు పట్టను. బంగ్లాదేశ్‌లో ఇంజనీర్లు కూడా అదే అనుకున్నారు. ఇంత చదువుకున్నవాళ్లే అడగని ప్రశ్నను అవ్వ ఎందుకు అడగలేదని ఎలా అంటాం?

కానీ మనం అడగవచ్చు. బంగ్లాదేశ్ కథ ఇంకా ముగియలేదు. పంపుల మీద వేసిన రంగు ఎండకు, వానకు వెలిసిపోయింది. తర్వాత లక్షల కొద్దీ కొత్త పంపులు వేసుకున్నారు, వాటిలో చాలావాటికి పరీక్షే జరగలేదు. 2016లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చినప్పుడు కూడా సుమారు 2 కోట్ల మంది ఆ నీళ్లే తాగుతున్నారని చెప్పింది. ఎర్ర రంగు లేని పంపు అంటే మంచి పంపు అని కాదు, చూడని పంపు అని. పరీక్ష ఒకసారి చేసి ఫ్రేము కట్టి పెట్టుకునే పత్రం కాదు. తలుపుకు సున్నం వేసినట్టు మళ్లీ మళ్లీ చేయాల్సిన పని.

తోటి విద్యార్థులకు, మన తల్లిదండ్రులకు నాదొక మనవి. తమిళనాడులో ట్వాడ్ బోర్డుకు జిల్లాల్లో నీటి పరీక్ష ప్రయోగశాలలు ఉన్నాయి. ఇంట్లో కొత్తగా బోరు వేయిస్తే పూజ చేసి టెంకాయ కొడతాం. దానితో పాటు ఒక సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపుదాం. ఫలితం వచ్చాక "బాగుందా?" అని మాత్రమే అడిగి కాగితం మడిచి పెట్టకండి. దేనిదేనికి పరీక్ష చేశారు, దేనికి చేయలేదు, లెక్క ఎంత వచ్చింది, హద్దు ఎంత అని నాలుగు ప్రశ్నలు అడగండి. 1992లో ఆ 150 బావుల నివేదిక చేతికి వచ్చిన రోజున ఎవరైనా రెండో ప్రశ్న అడిగి ఉంటే, ఆ కథ కొన్నేళ్ల ముందే మలుపు తిరిగేది.